వలయం ఎక్కడ తెగిందో చూడు

కర్నూలు

డాక్టరమ్మకు ఆశీస్సులు.

పాతికేళ్ల అమ్మాయి, వారంలో కుడిచెయ్యి పడిపోయింది, ఎడమ మెదడులో నాలుగు సెంటీమీటర్ల మచ్చ. సర్జన్ గ్లయోమా (మెదడు కణితి) అన్నారనీ, ఇంట్లోవాళ్లు బెంగళూరుకు బండి మాట్లాడుకుంటున్నారనీ రాశావు. స్పృహ బాగుందంటున్నావు కాబట్టి రెండు రోజులు ఆగమను. పొలం బేరం అసలే పెట్టవద్దను.

కాంట్రాస్ట్ మందు ఇచ్చాక తీసిన ఎమ్మారై బొమ్మలు నువ్వే తెరిచి చూడు, రిపోర్టు తర్వాత చదువుకోవచ్చు. మచ్చ చుట్టూ మెరిసే వలయం పూర్తిగా మూసుకుందా, లాడంలా ఒకవైపు తెరిచి ఉందా? తెరిచిన వైపు గ్రే మ్యాటర్‌కు (మెదడులోని బూడిదరంగు భాగానికి) ఆనుకుని ఉంటే ట్యూమిఫ్యాక్టివ్ ఎం.ఎస్. గుర్తుకు రావాలి, అంటే నరాల మీది మైలిన్ పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ కణితిలా కనిపించే రూపం. మచ్చ 2 సెంటీమీటర్లు దాటి ట్యూమర్‌లా కనిపించినా, ఆ సైజుకు తగ్గ వాపు, ఒత్తిడి చాలాసార్లు ఉండవు. మచ్చలో రక్తప్రసరణ చూపే పర్‌ఫ్యూజన్ స్కాన్‌లో రక్తం తక్కువగా కనిపిస్తే మన అనుమానం బలపడుతుంది. మచ్చలోని రసాయనాలు కొలిచే స్పెక్ట్రోస్కోపీలో కోలిన్ పెరిగిందని బెదరకు, అది కణితిలోనూ ఎం.ఎస్.లోనూ పెరుగుతుంది.

మన జిల్లాల్లో రింగ్ కనబడగానే టీబీ గడ్డ, న్యూరోసిస్టిసర్కోసిస్ (మెదడులో నులిపురుగు తిత్తి) అనుకుంటాం. అందులో తప్పులేదు. ఛాతీ ఎక్స్‌రే, హెచ్.ఐ.వి. పరీక్ష చేయించు. అంతేగానీ ఏమీ తేలకముందే టీబీ మందులు మొదలుపెట్టే అలవాటు నాకు నచ్చదు.

అమ్మాయితోపాటు వాళ్లమ్మనూ కూర్చోబెట్టి, ఎం.ఎస్. ఆనవాళ్లు ముందే ఉన్నాయేమో అడుగు. "ఎప్పుడన్నా ఒక కన్ను మబ్బుగా కనిపించి దానంతటదే తగ్గినాదా? వేన్నీళ్లు పోసుకుంటే తిమ్మిరి ఎక్కువైతాదా?" అని వాళ్ల మాటల్లోనే అడగాలి. "ఇంతకుముందు న్యూరలాజికల్ ప్రాబ్లమ్ ఉందా" అంటే లేదనే చెప్తారు.

వెన్నుపాము మొత్తం ఎమ్మారై తీయించు. స్టెరాయిడ్ ఇవ్వకముందే ఎం.ఎస్.ను పోలిన వేరే జబ్బులు తేల్చే ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) యాంటీబాడీలకు రక్తం పంపు. వెన్ను నీరు తీసేముందు మెదడులో ఒత్తిడి సంగతి సర్జన్‌తో మాట్లాడు. ఆ నీటిలో ఎం.ఎస్.కు గుర్తుగా చూసే ఒలిగోక్లోనల్ బ్యాండ్లు లేనంత మాత్రాన ఎం.ఎస్. కాదని కొట్టెయ్యకు.

అసలు చిక్కు స్టెరాయిడ్ దగ్గరే. డీమైలినేషన్ (మైలిన్ పొర ఊడిపోవడం) అయితే మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులిస్తే చాలామంది కోలుకుంటారు. తగ్గకపోతే ప్లాస్మా ఎక్స్చేంజ్ (రక్తంలోని ప్లాస్మా తీసి మార్చడం) ఉంది. కానీ లింఫోమా అనే క్యాన్సర్ కూడా స్టెరాయిడ్‌కు కరిగిపోతుంది, ఆ తర్వాత బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చేసినా ఏమీ దొరక్కపోవచ్చు. లింఫోమా అనుమానం గట్టిగా ఉండి, మనిషి నిలకడగా ఉంటే బయాప్సీయే ముందు.

బయాప్సీకి వెళ్తే ఫారం మీద "డీమైలినేషన్ అనుమానం, మైలిన్ స్టెయిన్, సీడీ68 చేయగలరు" అని నీ చేత్తో రాయి. మొదటిది మైలిన్ పొరను, రెండోది దాన్ని తినే మాక్రోఫేజ్ కణాలను చూపిస్తుంది. కణితిలోలాగే విభజన చెందుతున్న పెద్ద ఆస్ట్రోసైట్లు (మెదడులోని ఆధార కణాలు) డీమైలినేషన్‌లోనూ ఉంటాయి. ఫారంలో ఒట్టి "గ్లయోమా?" అని ఉంటే పాథాలజిస్టు కూడా అటే మొగ్గొచ్చు.

స్టెరాయిడ్‌తో మచ్చ తగ్గినా ఫైలు మూయకు, కొన్ని వారాలకు మళ్లీ ఎమ్మారై తీయించు. ఎం.ఎస్. అని ముద్ర కూడా అప్పుడే వెయ్యకు. కొందరికి ఇది ఒక్కసారి వచ్చి, మళ్లీ రాదు.

ఫిల్ములు చాలవు, సీడీ మొత్తం పంపు. అనంతపురంలో పర్‌ఫ్యూజన్ కుదరకపోతే ఇక్కడికి పంపించు, రేడియాలజీ వాళ్లకు నేను చెప్తాను.