పొస్లుస్నీ గొప్పా, పార్సన్స్ గొప్పా: పెన్ స్టేట్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి

సందేహం: పెన్ స్టేట్‌లో ఎం.ఎస్. చేయడానికి ఈ మధ్యే వచ్చాను. మా ల్యాబ్‌లో సోమవారం వస్తే చాలు, పాల్ పొస్లుస్నీ గొప్పా, మైకా పార్సన్స్ గొప్పా అని ఒకటే వాదన. నాకు అమెరికన్ ఫుట్‌బాల్ బొత్తిగా తెలియదు. ఊరికే తల ఊపుతూ కూర్చోవడం ఇబ్బందిగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆ ఇద్దరూ వేర్వేరు కాలాల్లో పెన్ స్టేట్‌కి ఆడిన లైన్‌బ్యాకర్లు, అంటే ఎదుటి జట్టుని ఆపేవాళ్లు. కాబట్టి లైన్‌బ్యాకర్ల దగ్గరే మొదలుపెట్టండి. పెన్ స్టేట్ ఉన్న స్టేట్ కాలేజ్ ఊళ్లో ఈ ఆట నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. 1960ల చివర్లో ఇక్కడ ఆడిన జాక్ హామ్ దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఈ ఒక్క స్థానంలో ఇంతమంది మేటి ఆటగాళ్లు వచ్చారు కాబట్టే, పెన్ స్టేట్‌కి ‘లైన్‌బ్యాకర్ యూ’ (యూ అంటే యూనివర్సిటీ) అన్న పేరు స్థిరపడింది.

ముందు ఆట సంగతి. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. వాళ్లని ఆపడానికి ఎదురుగా భారీ మనుషులు ఒక వరస కడతారు. ఆ వరసకి నాలుగైదు గజాల వెనక నిలబడేవాళ్లే లైన్‌బ్యాకర్లు. ఒకప్పుడు ముగ్గురు మామూలు, ఇప్పుడు పాస్‌లు (బంతిని ముందుకు విసరడాలు) పెరిగాక చాలాసార్లు ఇద్దరే ఉంటున్నారు. మధ్యలో ఉండేవాణ్ణి మైక్ అంటారు. జట్టు ఎలా నిలబడాలో అరిచి చెప్పేది ఎక్కువగా అతనే.

మీరు చూడాల్సింది బంతిని కాదు. స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) అవగానే మంచి లైన్‌బ్యాకర్ ఎదుటి జట్టు గార్డు (వాళ్ల ముందు వరసలో మధ్యవాడి పక్కన ఉండేవాడు) ఎటు అడుగేస్తున్నాడో చూస్తాడు. గార్డు ముందుకు దూకితే పరుగు, వెనక్కి నిలదొక్కుకుంటే పాస్ అని సాధారణ లెక్క. ఆ లెక్క తప్పించడానికే పరుగులా నటించి పాస్ వేస్తారు. కబడ్డీలో రైడర్ ముఖం చూడకుండా కాళ్లనే చూసే కార్నర్ ఆటగాణ్ణి గుర్తు తెచ్చుకోండి, ఇదీ అదే. మొదటి అడుగు సరైన వైపు పడితే సగం పని అయిపోయినట్టే.

టీవీలో ఇది సరిగ్గా కనిపించదు, కెమెరా పక్కనుంచి బంతి వెంటే పోతుంది. పెన్ స్టేట్ మ్యాచ్‌లు జరిగే బీవర్ స్టేడియంలో విద్యార్థుల సీట్లు దక్షిణం వైపు గోల్‌పోస్టు వెనక ఉంటాయి. అవి మంచి సీట్లు కావని కొందరు నిరుత్సాహపరుస్తారు. వినకండి. కాస్త పై వరసల్లో నిలబడితే లైన్లో ఎక్కడ సందు తెరుచుకుంటోందో, దాన్ని ఎవరు మూసేస్తున్నారో అక్కణ్నుంచే తెలుస్తుంది. ఇంకో విషయం, 2012 నుంచి ఓ రెండు మూడేళ్లు మినహా ఈ జట్టు జెర్సీల మీద ఆటగాళ్ల పేర్లు ఉండవు. నంబరే గుర్తు. లైన్‌బ్యాకర్లలో 11కి ప్రత్యేక గౌరవం ఉంది: లవార్ ఆరింగ్టన్, నవోరో బోమన్, మైకా పార్సన్స్, అబ్దుల్ కార్టర్ అందరూ వేసుకున్న నంబరది. పొస్లుస్నీది 31.

ఇక పోలిక దగ్గరికి వద్దాం. చాలామంది టాకిళ్ల (బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడాల) లెక్క చూపించి వాదన ముగించేస్తారు. ఆ లెక్క ప్రకారమైతే ఇక్కడి మరో లైన్‌బ్యాకర్ డాన్ కానర్ 419, పొస్లుస్నీ 372. అంటే కానరే గొప్పా? టాకిల్ ఎక్కడ చేశాడన్నది ఆ అంకె చెప్పదు. పరుగెత్తేవాడు ఎనిమిది గజాలు లాగేశాక పడగొట్టినా ఒకటే, ఆట మొదలైన గీత దాటకముందే పడగొట్టినా ఒకటే. పైగా తమ జట్టు ఎంతసేపు డిఫెన్స్‌లో ఉంటే అంత ఎక్కువ అవకాశాలు. కానర్‌ని తక్కువ చేయడం లేదు, 2007లో దేశంలోనే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే బెడ్నరిక్ అవార్డు అతనిదే. కానీ ఒక్క అంకెతో మనిషిని తూచలేం.

ఆరింగ్టన్ ఇంకో రకం. 1998లో ఇల్లినాయ్ జట్టు మీద నాలుగో ప్రయత్నం, వాళ్లకి కావలసింది చాలా కొంచెం దూరం. స్నాప్ సమయాన్ని సరిగ్గా పట్టి, లైన్ మీదుగా గాల్లోకి ఎగిరి, బంతి అందుకున్నవాణ్ణి అక్కడికక్కడే పట్టేశాడు. ‘లవార్ లీప్’ అని వెతికితే వీడియో దొరుకుతుంది, తప్పకుండా చూడండి. అంత సాహసం ప్రతిసారీ ఫలించదు, గురి తప్పితే వెనకంతా ఖాళీ. ఒక్క ఆటతో మ్యాచ్ తిప్పే వాడెవరంటే నేను అతని పేరే చెబుతాను.

పార్సన్స్ హైస్కూల్లో డిఫెన్సివ్ ఎండ్‌గా (ఆపే జట్టు ముందు వరసలో చివర నిలబడేవాడిగా) పేరు తెచ్చుకుని వచ్చాడు. లైన్‌బ్యాకర్ పని ఇక్కడే నేర్చుకున్నాడు. అయినా 2018లో, వచ్చిన ఏడాదే, 82 టాకిళ్లతో జట్టులో ముందున్నాడు. 2019 సీజన్ చివర మెంఫిస్ జట్టుతో కాటన్ బౌల్ మ్యాచ్‌లో 14 టాకిళ్లు, రెండు శాక్‌లు (పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టడాలు) చేశాడు, బంతి రెండుసార్లు జారిపోయేలా చేశాడు. 2020లో ఆడలేదు. అంటే కాలేజీలో ఆడింది రెండు సీజన్లే. మీ ల్యాబ్ మిత్రులు ఇక్కడే తడబడుతుంటారని నా అనుమానం. పొస్లుస్నీ కాలేజీ ఆటని, పార్సన్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఆటతో పోలుస్తున్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతని పేరంతా అంచునుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లడంలో వచ్చింది. పొస్లుస్నీ చేసిన పని అది కాదు.

కాలేజీ వరకే చూస్తే నా ఓటు పొస్లుస్నీకి. 2003లో జట్టు 3 గెలిచి 9 ఓడింది, 2004లో 4 గెలిచి 7 ఓడింది. అలాంటి జట్టు 2005లో 11 గెలిచి ఒక్కటే ఓడింది. మూడో ఏడాదికే కెప్టెన్ అయిన పొస్లుస్నీకి ఆ ఏడు బట్కస్ (ఉత్తమ లైన్‌బ్యాకర్‌కి ఇచ్చేది), బెడ్నరిక్ రెండు అవార్డులూ వచ్చాయి, మరుసటి ఏడు మళ్లీ బెడ్నరిక్. జట్టు పడిపోయిన కాలంలో ఉండి లేపినవాడికి నేను ఎక్కువ మార్కులేస్తాను. నైపుణ్యం ఒక్కటే కొలమానమైతే పార్సన్స్‌దే పైచేయి, అందులో నాకు సందేహం లేదు.

వయసులో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే షేన్ కాన్లన్ గురించి అడగండి. 1987 జనవరి 2న ఫియస్టా బౌల్ మ్యాచ్‌లో పెన్ స్టేట్ వాళ్లు మయామీ మీద 14-10తో గెలిచి జాతీయ ఛాంపియన్లయ్యారు. మయామీ క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టవర్డీ పాస్‌లు ఐదు వీళ్ల చేతికి చిక్కాయి. వాటిలో కాన్లన్ రెండు, పీట్ జిఫ్టొపోలస్ రెండు పట్టారు. ఇద్దరూ లైన్‌బ్యాకర్లే. చివరి సెకన్లలో మ్యాచ్ ముగించింది జిఫ్టొపోలస్ పట్టిన బంతే. ఆ కథ చెప్పమంటే ఇక్కడివాళ్లు ఎంత సంతోషంగా చెబుతారో!

ఒక్క జాగ్రత్త. ఈ లైన్‌బ్యాకర్లకి ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చిన కోచ్‌లలో జెర్రీ శాండస్కీ ఒకడు. పిల్లల మీద లైంగిక అత్యాచారాల కేసులో 2012లో దోషిగా తేలాడు. ఆ గాయం ఈ ఊళ్లో ఇంకా పచ్చిగానే ఉంది. ఎవరైనా మాట తెస్తే వినండి, మీరుగా సరదాకి కూడా ఎత్తకండి.

విద్యార్థుల సీజన్ టికెట్లు త్వరగా అయిపోతాయి, అమ్మకం తేదీ ముందే కనుక్కోండి. స్టేడియం లోపలికి మామూలు బ్యాక్‌ప్యాక్ రానివ్వరు. నవంబరు మ్యాచ్‌లకి టోపీ, గ్లోవ్స్, రెండు జతల సాక్స్ ఉండాలి, అక్కడ కూర్చునేది అల్యూమినియం బల్లల మీద. మొదటి మ్యాచ్‌లో స్కోరు అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఒక్క లైన్‌బ్యాకర్ నంబరు ఎంచుకుని మొదటి క్వార్టర్ అంతా అతన్నే చూడండి. సోమవారం ల్యాబ్‌లో అతను ఏ ప్లేలో (ఒక్కో ప్రయత్నాన్ని ప్లే అంటారు) మోసపోయాడో అడగండి, మిగతాది వాళ్లే బోర్డు మీద గీసి చూపిస్తారు.