నాన్నగారి ట్రంకు పెట్టెలో రాళ్లు: అమ్మ డిపాజిట్‌ను కదపాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గోపాలపట్నం. మా నాన్నగారు రైల్వేలో కొత్తవలస–కిరండూల్ మార్గంలో ట్రాక్ పనులు చేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఆయన ట్రంకు పెట్టెలో 11 రాళ్లు ఉన్నాయి, మొత్తం 14 కిలోలు. చాలావరకు నల్లగా, చాలా బరువుగా ఉన్నాయి. రెండింటిలో పసుపు మెరుపు ఉంది, ఒకటి తెల్లరాయి. ‘వీటిలో బంగారం ఉందిరా, కష్టకాలంలో అక్కరకు వస్తాయి’ అనేవారు. తెలిసినవారి ద్వారా వచ్చిన ఒక మధ్యవర్తి వీటిని చూసి, ప్లాటినం కూడా ఉందని, హైదరాబాదులో 40 లక్షలకు కొనేవారు ఉన్నారని అంటున్నాడు. ముందుగా పరీక్ష రిపోర్టుకు, అనుమతి పత్రాలకు 60,000 కట్టాలట. అమ్మ పేరున 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. అందులోంచి తీయవచ్చా? మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజులకు ఈ డబ్బు ఆసరా అవుతుందని ఆశ.

జవాబు: అమ్మగారి డిపాజిట్‌ను కదపకండి. ఆ 60,000 ఎవరి చేతిలోనూ పెట్టకండి. రాళ్లను మాత్రం పారేయకండి. వాటిని పరీక్షించే దారి ఉంది, దానికి అంత ఖర్చు కాదు.

ముందు మధ్యవర్తి చెప్పిన అంకెనే లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి గ్రాము బంగారం 10,000 రూపాయలు అనుకోండి. 40 లక్షలు రావాలంటే ఆ పెట్టెలో 400 గ్రాముల బంగారం ఉండాలి. 14 కిలోల్లో 400 గ్రాములంటే కిలోకు 28 గ్రాముల పైచిలుకు, టన్నుకు 28,000 గ్రాముల పైచిలుకు. బంగారు గనుల్లో ఖనిజాన్ని టన్నుకు ఎన్ని గ్రాములు అనే లెక్కలోనే కొలుస్తారు. కర్ణాటకలోని హట్టి లాంటి గని నడుస్తున్నది టన్నుకు కొద్ది గ్రాములు దొరికే రాతితోనే; అదీ వేల టన్నులు తవ్వి, పిండి చేసి, రసాయనాలతో కడిగితేనే. 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగిన కోలార్ గనులు 2001లో మూతపడ్డాయంటే, ఆ లోతు నుంచి తెచ్చే రాతిలోని బంగారం తవ్వకం ఖర్చుకు సరిపోకపోవడం వల్లే. కిలోకు 28 గ్రాముల బంగారమున్న రాయి అయితే దాన్ని గుర్తించడానికి మధ్యవర్తి అక్కర్లేదు, పసుపు లోహం మీ కంటికే కనిపించాలి.

ఇదే లెక్క రెండో వైపు నుంచి చూడండి. మీ రాళ్లు నిజంగా బంగారు ఖనిజమే, టన్నుకు 5 గ్రాములు ఉందనుకుందాం. 14 కిలోల్లో వచ్చేది 70 మిల్లీగ్రాములు. పెట్టె మొత్తం కలిపి 700 రూపాయలు. అంతకు పదింతలు మేలైన రాయి అనుకున్నా 7,000. అది కూడా రాతిని పొడిచేసి లోహాన్ని విడదీసే ఖర్చు తీయకముందు మాట. ఈ 7,000 కోసం 60,000 కట్టమంటున్నారు. ఈ లెక్కను కాగితం మీద వేసి అమ్మగారికి కూడా చూపించండి.

ఇక నాన్నగారు ఎందుకు అలా నమ్మారన్నది. ఆయనను తప్పుపట్టలేం. ఆయన పనిచేసిన మార్గం వేయడానికి ముఖ్య కారణమే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడం. వ్యాగన్ల నుంచి జారిపడిన ముక్కలు పట్టాల పక్కన దొరికేవే. ఆ రాయి హెమటైటు. మన కైలాసగిరి మీదో సింహాచలం కొండ మీదో దొరికే రాయితో పోలిస్తే చేతిలో దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. అంత బరువైన రాయిని పట్టుకున్న మనిషికి లోపల విలువైన లోహం ఉందనిపించడం సహజం. ఉంది కూడా, ఇనుము. మీ నల్లరాళ్లు అవే అయి ఉండవచ్చని నా అనుమానం. అనుమానంతో సరిపెట్టుకోకుండా మీరే చూడండి. వంటింటి డిజిటల్ త్రాసు, దారం, పాత టైల్ ముక్క, అయస్కాంతం ఉంటే చాలు.

రాళ్లకు 1 నుంచి 11 వరకు నంబర్లు వేసి, ఒక్కోదాన్నీ ఫొటో తీయండి. తడి లేకుండా తూకం వేసి రాసుకోండి. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెండి. రాయిని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు, అంచుకు తగలకూడదు. దారం మీ చేతిలోనే ఉంటుంది, అయినా త్రాసు మీద అంకె పెరుగుతుంది. రాయి పక్కకు నెట్టిన నీటి బరువు అది. పొడి తూకాన్ని ఆ అంకెతో భాగించండి. ఉదాహరణకు 860 గ్రాముల రాయికి త్రాసు 170 చూపిస్తే భాగఫలం 5 పైన. తెల్లటి క్వార్ట్జ్ రాయికి 2.65 దగ్గర వస్తుంది. హెమటైటు, బంగారంలా మెరిసే పైరైటు రెండూ 5 చుట్టుపక్కలే. సీసపు ఖనిజం గెలీనా 7.5 వరకు పోతుంది. స్వచ్ఛమైన బంగారం 19.3.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. కిలో తెల్లరాయిలో 10 గ్రాముల బంగారం దాగి ఉన్నా భాగఫలం 2.65 నుంచి 2.67కి మాత్రమే మారుతుంది. ఆ తేడాను వంటింటి త్రాసుతో నమ్మకంగా పట్టలేం. కాబట్టి తూకం చూసి బంగారం లేదని తేల్చలేం. ‘బరువుగా ఉంది కాబట్టి బంగారమే’ అనే మాట నిలవదని మాత్రం తేలుతుంది.

రెండోది గీటు. కంసాలి గీటురాయి మీద నగను గీసి చూసినట్టే, రాయి అంచును టైల్ వెనుక గరుకు వైపున గట్టిగా గీయండి. హెమటైటు పైకి ఎంత నల్లగా ఉన్నా దాని గీత ఇటుక ఎరుపులో పడుతుంది. మొదటిసారి చూసినవారికి నమ్మబుద్ధి కాదు. గీత నల్లగా వచ్చి, రాయి అయస్కాంతాన్ని పట్టుకుంటే అది మాగ్నటైటు అనే మరో ఇనుప ఖనిజం. పసుపు మెరుపున్న రాయి గీత ఆకుపచ్చ ఛాయతో నల్లగా వస్తే పైరైటు లాంటి గంధకపు ఖనిజం. బంగారపు గీత మాత్రం పసుపే. ఆ మెరిసే చుక్కను భూతద్దం కింద పెట్టి పిన్నీసు మొనతో నొక్కండి. బంగారమైతే మెత్తగా నొక్కు పడుతుంది, పొడి రాలదు. పైరైటు లొంగదు, గట్టిగా నొక్కితే పెళుసుగా రాలుతుంది. గోటితో పొరలుగా లేస్తే అభ్రకం. మన పెద్దలు కాకిబంగారం అన్నది దాన్నే, అరకు కొండల వైపు అది దొరుకుతుంది.

దయచేసి ఇంట్లో యాసిడ్‌తో పరీక్షలు చేయకండి, రాళ్లను పొయ్యి మీద కాల్చకండి. కొన్ని గంధకపు ఖనిజాల్లో ఆర్సెనిక్, సీసం ఉంటాయి. ఆ పొగ ప్రాణాంతకం.

ఇక్కడితో చాలా రాళ్ల సంగతి తేలిపోతుంది. ఇంకా సందేహం మిగిలిన ఒకటి రెండు రాళ్లను ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగంలో ఎవరైనా అధ్యాపకుడికి చూపించమని అడగండి. రోజూ రాళ్లు చూసే కన్ను ఖనిజం పేరును చాలాసార్లు చూడగానే చెబుతుంది. ఆ తర్వాత కూడా అవసరమనిపిస్తేనే ల్యాబ్. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ను ఎంచుకుని, ఆ గుర్తింపు ఖనిజాల్లో బంగారం పరీక్షకు వర్తిస్తుందో లేదో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అడగాల్సిన పరీక్ష పేరు ఫైర్ అస్సే. రాతి పొడిని సీసపు సమ్మేళనంతో కరిగించి, సీసంలోకి చేరిన బంగారాన్ని వేరుచేసి కొలుస్తారు. రాయి మొత్తం ఇవ్వకండి. ఒక ముక్క మాత్రం పంపి, మిగతాది అదే నంబరుతో ఇంట్లో ఉంచుకోండి. కంటికి కనిపించేలా బంగారపు తీగ ఉన్న రాయి బయటపడితే మాత్రం దాన్ని పగలగొట్టవద్దు. అలాంటి రాయికి సేకరించేవారి దగ్గర లోహం ధరకు మించి విలువ ఉంటుంది.

కురుపాం మార్కెట్‌లో నగల దుకాణం మెషిన్ కింద పెట్టిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. అది నగల కోసం అమర్చిన ఎక్స్‌రే యంత్రం, పైపొరను మాత్రమే చూస్తుంది. ఇనుము, గంధకం నిండిన రాతిని దాని కింద పెడితే లేని బంగారాన్ని చూపించే ప్రమాదం ఉంది. మధ్యవర్తులు చేతిలో పెట్టే ‘రిపోర్టు’ చాలాసార్లు అలాంటి చీటీయే.

మధ్యవర్తి విషయం. మన రాష్ట్రంలో రైస్ పుల్లింగ్ పేరుతో, అంటే బియ్యపు గింజలను లాక్కునే మహిమ ఉందంటూ పాత చెంబులను చూపించి చేసే ఇరిడియం చెంబుల మోసాలు ఎన్ని కుటుంబాలను ముంచాయో మీకు తెలిసే ఉంటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక రిటైర్డ్ ఉద్యోగి మొదట 40,000 ఇచ్చారు పరీక్షకు. తర్వాత లక్షన్నర, ‘శాస్త్రవేత్త’ ఖర్చులకు. ఆ తర్వాత భార్య గాజులు తాకట్టు పెట్టి మరో 2 లక్షలు. మొదట ఇచ్చింది పోతుందన్న భయమే తర్వాతి ప్రతిసారీ ఆయన చేత డబ్బు కట్టించింది. చెంబుకు బదులు మీ ఇంట్లో రాయి ఉంది, అంతే తేడా. నిజంగా కొనేవాడు తన ఖర్చుతో తనే నమూనా తీసుకుని, తన ల్యాబ్‌లో పరీక్షించుకుంటాడు. అమ్మేవాడి దగ్గర ముందస్తు సొమ్ము అడగడు. ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

చట్టం మాట కొద్దిగా. నాన్నగారు వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం కింద ఈ రాళ్లలో అమ్మగారికి, మీకు, తోబుట్టువులు ఉంటే వారికి సమాన వాటా ఉంటుంది. ఆడపిల్లకూ అంతే. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు. ఎప్పుడైనా లాభానికి అమ్మితే మూలధన లాభాల పన్ను లెక్క వస్తుంది. ఇక ఖనిజాన్ని నిల్వచేసి, రవాణా చేసి అమ్మడం 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం పరిధిలోకి వస్తుంది. అమ్మే పరిస్థితే వస్తే ముందు గనుల శాఖ కార్యాలయంలో అడగండి. అక్కడి రసీదు లేకుండా మధ్యవర్తి తెచ్చే ‘అనుమతి పత్రం’ చిత్తు కాగితంతో సమానం.

అసలు సమస్య మీ అమ్మాయి ఫీజు, దానికి రాళ్ల కోసం ఆగకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉందేమో కాలేజీలో ఈ వారమే కనుక్కోండి. మిగిలినదానికి విద్యారుణం అడగండి. 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే రుణాలకు కేంద్ర ప్రభుత్వ హామీ పథకం ఉంది, విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవచ్చు. అమ్మగారి 3 లక్షలు ఆమె మందులకు, ఆసుపత్రికి. నేను ఎవరి ఆస్తుల పట్టిక రాసినా, కొనేవాడు డబ్బు చేతిలో పెట్టేదాకా ఇలాంటి రాళ్ల ఎదురుగా సున్నానే వేస్తాను. మీ పట్టికలోనూ అలాగే వేయండి. రేపు ఏదైనా వస్తే కలుపుకోవచ్చు.

పరీక్షకు 5,000 కంటే ఎక్కువ ఖర్చు చేయకండి. అది కూడా ఇంటి ఖర్చుల్లోంచి తీయగలిగితేనే. ముందుగా 11 రాళ్ల తూకం, నీటి అంకె, గీటు రంగు ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. ల్యాబ్‌కు పంపదగ్గది అందులో ఏదైనా ఉందేమో కలిసి చూద్దాం.