హారికకి: రాళ్ళ మీదికి వెళ్ళేముందు

విశాఖపట్నం

చిరంజీవి హారికకి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో "ఆల్చిప్పలు, నత్తగుల్లలు ఏరి కలెక్షన్ మొదలుపెడదామనుకుంటున్నా, ఎక్కడికెళ్ళాలి మావయ్యా?" అని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నీకు గుల్లలే కావాలంటే బీచ్ రోడ్డు మీద కవర్ల నిండా అమ్ముతారు. వాటి మీద నాకు మోజు లేదు. అవి ఎక్కడివో అమ్మేవాడికే తెలీదు. ఏ రాయి మీద, నీటికి ఎంత ఎత్తులో, ఏ నెలలో దొరికిందో తెలియని గుల్ల ఎంత నిగనిగలాడినా అది షోకేసు బొమ్మే. ఆ వివరాలు రాసిపెట్టుకున్న పెంకు సగం విరిగినా పనికొస్తుంది.

మన ఊరి సంగతే చెప్తాను. 1967లో విశాఖ నౌకాశ్రయంలో అంగుళానికి మించని ఒక చిప్ప కనబడింది. మైటిలాప్సిస్ సాలీ దాని పేరు, అప్పట్లో కాంగీరియా సాలీ అనేవారు. దాని పుట్టిల్లు ఎక్కడో అమెరికా ఖండం వైపు, కరీబియన్ సముద్రం. ఓడల అడుగున అంటుకుని మన రేవుదాకా వచ్చేసింది. మన ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ గణపతి గారూ, ఆయన సహచరులూ 1971లో దాని మీద పేపరు ప్రచురించారు. తర్వాత అది ముంబైలోనూ కనబడింది. 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఇదే చిప్ప బయటపడితే అక్కడివాళ్ళు పడవల రేవులు మూసేసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ కలిపి మొత్తం నిర్మూలించారు. మనదేశంలోకి అది ఎప్పుడు, ఏ ద్వారం గుండా వచ్చిందో ఈ రోజు చెప్పగలుగుతున్నామంటే, ఎవరో చిప్ప చూసి ఊరుకోకుండా తేదీ, చోటు రాసిపెట్టబట్టే.

ఇక వెళ్ళే వేళ. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథి చూసుకో. అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజుల్లో పోటుకి నీళ్ళు బాగా ఎక్కుతాయి, పాటుకి బాగా తీస్తాయి. అష్టమి, నవమి రోజుల్లో నీళ్ళు ఎక్కిందీ తెలీదు, తీసిందీ తెలీదు. అప్పుడు వెళ్ళడం బస్సు చార్జీ దండగ. గుజరాత్‌లో ఖంభాత్ వైపు పోటుకీ పాటుకీ మధ్య పది మీటర్ల తేడా కూడా ఉంటుంది. మనకి పెద్ద పోటు రోజుల్లో కూడా సుమారు మీటరున్నరే. కాబట్టి చూడవలసిందంతా ఆ మీటరున్నరలోనే చూడాలి.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మర్నాడు అదే పాటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కచ్చితమైన టైము ఏ టైడ్ యాప్‌లో అయినా దొరుకుతుంది. నీళ్ళు పూర్తిగా తీసే టైముకి గంటన్నర ముందే అక్కడ ఉండు. నీళ్ళు దిగుతుంటే నువ్వూ వాటి వెంటే కిందికి దిగాలి, అవి మళ్ళీ ఎక్కడం మొదలవగానే నువ్వూ పైకి వచ్చెయ్యాలి. బయల్దేరేముందు సముద్రం సమాచారం, హెచ్చరికలు ఇచ్చే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వాళ్ళ సైటు ఒకసారి చూడు. ఎత్తైన కెరటాల హెచ్చరిక ఉంటే ఆ రోజు ఇంట్లో రికార్డు రాసుకో.

కాలం సంగతికొస్తే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. ఆ నెలల్లో మన తీరంలో సముద్ర మట్టమే కాస్త కిందికి ఉంటుంది, కెరటాలూ నెమ్మదిస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మట్టం పెరుగుతుంది, తుపాన్ల భయం ఎలాగూ ఉండేదే. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, మీ అమ్మనడిగితే ఆ రోజు కథంతా చెప్తుంది.

చోటు విషయంలో నా మాట విను: ఒక్కటే ఎంచుకో. ఈ వారం రుషికొండ, పై వారం యారాడ అని తిరిగితే ఫోటోలే మిగులుతాయి. నన్నడిగితే తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం వైపు రాళ్ళు చాలు. 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది చూడు, ఆ ప్రాంతమే. అక్కడ చేయి తిరిగాక 900కె బస్సెక్కి మంగమారిపేట శిలాతోరణం దగ్గరికో, భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికో వెళ్ళొచ్చు. రేవు, నేవీ స్థలాల ఛాయలకి మాత్రం పోకు. అక్కడ కెమెరా తీస్తే అనవసరమైన టెన్షన్.

రాయి దగ్గరికి వెళ్ళాక వెంటనే వంగి ఏరడం మొదలుపెట్టకు. ముందు ఒక నిలువు బండ ఎంచుకుని పైనుంచి కిందికి చూడు. అన్నిటికన్నా పైన, తుంపర మాత్రమే తగిలే చోట, గింజంత నత్తలు పగుళ్ళలో గుంపులుగా ఉంటాయి. ఒంట్లో తడి పోకుండా మూత బిగించుకుని, జిగురుతో రాయికి అంటుకుని ఎండకి ఓర్చుకుంటాయి. వాటి కింద తెల్లగా, గరుగ్గా కనబడేవి బార్నకిల్స్. వాటిని చిప్పల జాతి అనుకుంటారు చాలామంది, నిజానికి అవి పీతలకీ రొయ్యలకీ చుట్టాలు. వాటితో కలిసీ, ఇంకాస్త కిందా రాతి ఆల్చిప్పలు. ఇంకా కింద, నీళ్ళు ఎప్పుడో గాని వదలని చోట, పచ్చ అంచుల మస్సెల్స్ అనే చిప్పలు, నాచు, పగుళ్ళలో ఎనిమిది పలకల పెంకున్న కైటాన్లు. పై హద్దుని చాలావరకు ఎండా వేడీ గీస్తాయి. కింది హద్దుని శత్రువులు, చోటు కోసం పోటీ గీస్తాయి. ఈ వరసలు నీ నోటుబుక్కులో బొమ్మగా వేసుకో, ఎంత వంకరగా వచ్చినా ఫరవాలేదు.

తర్వాత ఒక్క ఆల్చిప్ప ముందు కూర్చో. దాని ఎడమ చిప్ప రాయికి సిమెంటు పెట్టినట్టు అతుక్కుని ఉంటుంది. రాయి ఎలా ఉంటే అదీ అలాగే పెరుగుతుంది, అందుకే ఏ రెండూ ఒక్కలా ఉండవు. కుడి చిప్ప పైన మూత. రెంటి అంచులూ వంకీలు తిరిగి ఒకదాన్లో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. పిల్లగా ఉన్నప్పుడు రెండు మూడు వారాలు నీళ్ళలో ఈదుతుంది. తర్వాత చిన్న పాదంతో రాయి మీద పాకుతూ చోటు వెతుక్కుని, ఎడమ చిప్పకి జిగురు పెట్టి అంటుకుంటుంది. ఆ తర్వాత పాదం కరిగిపోతుంది, ఇక చచ్చేదాకా కదలదు. చోటు వెతికేటప్పుడు తన జాతి పెద్దవాళ్ళ వాసన పట్టి వాళ్ళ దగ్గరే దిగుతుంది. పెద్ద చిప్ప వీపు మీద గోరంత పిల్ల చిప్పలు కనిపించేది అందుకే. చాలావరకు మొదట మగవిగా ఉండి, పెరిగాక ఆడవవుతాయి. దీన్ని ఉలితో ఊడదీస్తే చేతికొచ్చేది పై మూత, ముక్కలు. కాబట్టి బతికున్నదాన్ని ఊడదియ్యకు. ఖాళీ చిప్పలు ఎన్నో పడి ఉంటాయి.

ఆ ఖాళీ చిప్ప లోపలి వైపు వెలుతురులో పెట్టి చూడు. అంచు వెంబడి సన్నటి పంటి గాట్లలాంటివి ఉంటే అది రాతి ఆల్చిప్ప, సాకోస్ట్రియా. అంచు నున్నగా ఉండి, కండ అతుక్కున్న మచ్చ ముదురు ఊదారంగులో ఉంటే అది మొగల్లో, ఉప్పుటేరుల్లో పెరిగే రకం. గోస్తనీ వైపు వెతుకు.

లింపెట్లతో ఒక సరదా పరీక్ష. రాయికి టోపీ పెట్టినట్టుంటాయే, ఆ నత్తల్లో చాలా రకాలు మేత మేసి తమ చోటుకే తిరిగొస్తాయి. ఒకదాని పెంకు మీదా, అది కూర్చున్న రాయి మీదా నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టు. రెండు చుక్కలూ మళ్ళీ పక్కపక్కకి వచ్చాయో లేదో తర్వాతి పాటుకి వెళ్ళి చూసుకో.

ఇసుక మీద దొరికే చిప్పల్లో కొన్నిటికి డ్రిల్లుతో వేసినట్టు గుండ్రటి బెజ్జం ఉంటుంది. పిల్లలు దారం గుచ్చుకుంటారు. ఆ బెజ్జం వేసింది మరో నత్త. భూతద్దంతో బెజ్జం గోడ చూడు. పైన వెడల్పుగా మొదలై లోపలికి గరాటులా సన్నబడితే అది ఇసుకలో తిరిగే నేటికా జాతి నత్త పని. గోడలు దాదాపు నిటారుగా దిగితే రాళ్ళ మీద ఉండే మ్యూరెక్స్ కుటుంబం నత్త పని. బెజ్జం లోపలిదాకా పడకుండా సగంలో ఆగిపోయిన చిప్ప దొరికితే దాచిపెట్టు. అది తప్పించుకున్నదన్నమాట. నాకు నిండు శంఖం కన్నా అలాంటి చిప్పంటేనే ఇష్టం.

ఇసుక తీరంలో కెరటం వెనక్కి తగ్గగానే నిలబడి చూస్తే బుల్లి డోనాక్స్ చిప్పలు కనురెప్పపాటులో ఇసుకలోకి దిగిపోవడం కనిపిస్తుంది. కొట్టుకొచ్చిన దుంగలు కూడా వదలకు. సుద్ద పూత పూసినట్టున్న సొరంగాలు వాటిలో ఉంటే అది ఓడపురుగు పని. పేరుకి పురుగే గాని అదీ రెండు చిప్పల జీవే, మన పడవల చెక్కని తొలిచేది. ఇసుకతో చేసిన కాలరులాంటి వంపు పట్టీ కనిపిస్తే పట్టుకెళ్ళకు, అవి నేటికా గుడ్లు. ఊదారంగు పల్చటి నత్తగుల్లలు కొట్టుకొచ్చిన రోజున నీలం బుడగల జెల్లీలు కూడా ఒడ్డున ఉండొచ్చు, ఆ నత్తలు తినేది వాటినే. చెప్పుల్లేకుండా నడవకు, వాటి తోకలు ఎండినా మంట పుట్టిస్తాయి.

ఏరడానికి నా షరతులు ఇవి. ఖాళీవే తియ్యి. ఖాళీ అనుకున్నదాన్ని కూడా అరచేతిలో బోర్లించి కాసేపు ఆగు, లోపల సన్యాసి పీత ఉంటే కాళ్ళు బయటపెడుతుంది. దాని ఇల్లు దానికి వదిలెయ్యి. రాయి తిప్పి చూస్తే మళ్ళీ అలాగే పెట్టు, అడుగు భాగాన బతికేవి ఎండ తగిలితే చస్తాయి. ఒక రకానికి రెండు మూడు చాలు.

శంకువు ఆకారంలో, అందమైన బొమ్మలు గీసినట్టున్న కోన్ నత్త బతికున్నది కనిపిస్తే ఫోటో తీసుకుని పక్కకి వచ్చెయ్. బాణంలాంటి పంటితో విషం ఎక్కిస్తుంది. కొన్ని జాతుల కాటుకి మనుషులు చనిపోయారు, విరుగుడు మందు లేదు. దాన్ని జేబులో వేసుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. అదే కుటుంబంలోని ఒక నత్త విషం నుంచి తీసిన నొప్పిమందుకి 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది, అది వేరే సంగతి.

చట్టం కూడా గుర్తుంచుకో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో నాటిలస్, ట్రైడాక్నా అనే పెద్ద చిప్ప, కొమ్ముల హెల్మెట్ శంఖం లాంటివి 2001లో చేరాయి. పగడపు దిబ్బల రాళ్ళూ అంతే. కొట్లో కొన్నానంటే కుదరదు, ఇంట్లో ఉండటమే నేరం. దక్షిణావర్త శంఖమని, అంటే మామూలు శంఖానికి ఎదురు దిక్కున తిరిగే అరుదైన శంఖమని, ఎవరైనా చవగ్గా అమ్మజూపితే దండం పెట్టి వచ్చెయ్. సహజంగానే అలా ఎదురు దిక్కున తిరిగే అమెరికా నత్తగుల్లని ఆ పేరుతో అంటగట్టేవాళ్ళున్నారు.

ఇంటికి తెచ్చినవాటిని మంచినీళ్ళలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోము. యాసిడ్ ససేమిరా వద్దు, గుల్లంతా సున్నమే కదా, మెరుపు పోయి పొడిబారుతుంది. గవ్వల్ని బ్లీచింగ్ నీళ్ళలో వెయ్యకు, ఎండలోనూ పెట్టకు. మన ఊరి ఉక్కకి చెక్క బీరువాలో, అట్టపెట్టెలో దాస్తే చెక్క, అట్ట వదిలే ఆమ్లపు ఆవిరికి గుల్లల మీద తెల్ల పొడి లేస్తుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలు వాడు. డబ్బాలో గుల్లతోపాటు చీటీ ఉండాలి: తేదీ, చోటు, బండ మీద ఏ వరసలో, పక్కన ఏమున్నాయి, ఎవరు తీశారు. పెన్సిల్‌తో రాయి, ఇంకు తడికి చెదిరిపోతుంది. పేరు తెలియకపోతే ఖాళీ వదిలెయ్యి. ఫోటోలు ఐనాచురలిస్ట్ అనే సైటులో పెడితే తెలిసినవాళ్ళు చెప్తారు. ఫోటోలో పక్కన రూపాయి బిళ్ళ పెట్టు, సైజు తెలియడానికి.

తినడం గురించి కూడా అడిగావు. మన ఊరి రాళ్ళ మీదివి వద్దు. ఆల్చిప్ప గంటకి లీటర్ల కొద్దీ నీళ్ళు వడగట్టి బతుకుతుంది, మురికి కాలువ నీళ్ళలో ఉన్నదంతా దాని ఒంట్లో చేరుతుంది. ఉడికిస్తే క్రిములు చస్తాయేమో గాని సీసం, కాడ్మియం పోవు.

చివరిగా ప్రాణం సంగతి. ఒంటరిగా వెళ్ళకు. సముద్రానికి వీపు పెట్టి వంగకు. పాచి పట్టిన బండ మీద వేగంగా నడవకు. వెనక పట్టీ ఉన్న రబ్బరు సాండల్స్ వేసుకో, హవాయి చెప్పులు పనికిరావు. చిప్ప అంచు కోస్తే బ్లేడు కోసినట్టే. వెంటనే మంచినీళ్ళూ సబ్బుతో కడుగు. ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా పసుపు అద్ది ఊరుకోక ఆ రోజే డాక్టరుకి చూపించు, సముద్రపు నీళ్ళ ఇన్ఫెక్షన్లు గంటల్లో ముదురుతాయి. మీ నాన్నకి షుగరుంది కాబట్టి సరదాకి కూడా ఆయన్ని రాళ్ళ మీదికి తీసుకెళ్ళకు, పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టు.

అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పున్న పీవీసీ పైపు చట్రం ఒకటి మా అటక మీద ఉంది. బండ మీద పెట్టి లోపలున్నవన్నీ లెక్కపెట్టడానికి. నెలకోసారి అదే బండ, అదే చోట. వచ్చే అమావాస్య మర్నాడు నీకు ఇంటర్నల్స్ లేకపోతే ఫోన్ చెయ్, టైము చూసి చెప్తాను. చట్రం, భూతద్దం నేను తెస్తాను. టోపీ, రెండు సీసాల మంచినీళ్ళు నువ్వు తెచ్చుకో.

ఇట్లు,
మావయ్య