గడ్డం మనది, పెత్తనం ఎవరిది?

ప్రశ్న: సార్, తాతయ్య ఫోటోలో బుర్రమీసాలు, నాన్న పెళ్లి ఫోటోలో నున్నటి మొహం. నేను గడ్డం పెంచితే మాత్రం ఇంట్లో రోజూ గొడవ. అసలు ఈ ఫ్యాషన్లు ఎవరు మారుస్తారు? గడ్డం మీద పన్ను వేసిన రాజు ఉన్నాడంటారు, నిజమేనా?

జవాబు: నిజమే, ఆ రాజు దగ్గరికి వస్తాను. ముందు మొదటి ప్రశ్న. అందరూ సినిమా హీరోల వల్ల అనుకుంటారు కానీ, చరిత్ర చూస్తే గడ్డాన్ని ఎక్కువగా ఆడించింది పైనున్న పెద్దమనుషులూ సైన్యాలూ, ఆ తర్వాత బ్లేడూ. అలెగ్జాండర్ తన సైనికుల గడ్డాలు గీయించాడని, యుద్ధంలో శత్రువు చేతికి గడ్డం దొరికితే తల దొరికినట్టేనని అలా చేయించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నాకైతే, రాజే నున్నగా గీసుకుని తిరుగుతుంటే కింది వాళ్లకి వేరే కారణం అక్కర్లేదనిపిస్తుంది. రోమ్‌లోనూ అంతే, చక్రవర్తులు చాలాకాలం గీసుకున్నారు, క్రీ.శ. 117లో గద్దెనెక్కిన హేడ్రియన్ గడ్డంతో కనిపించాడు, ఆయన తర్వాతి వాళ్లూ పెంచేశారు.

ఇక పన్ను సంగతి. రష్యా రాజు పీటర్ యూరప్ అంతా తిరిగి 1698లో వెనక్కి వచ్చాడు, తనని చూడటానికి వచ్చిన ప్రభువుల గడ్డాలు స్వయంగా తనే కత్తిరించేశాడు! 1705లో పన్ను పెట్టాడు. గడ్డం ఉంచుకోవాలంటే పెద్ద వ్యాపారి ఏడాదికి 100 రూబుళ్లు కట్టాలి, పల్లెటూరి రైతుకి ఊళ్లో మినహాయింపే గానీ పట్నం గేటు దాటినప్పుడల్లా ఒక కోపెక్ (రూబుల్లో నూరో వంతు) ఇచ్చుకోవాలి. కట్టినవాళ్లకి ఇచ్చే రాగి బిళ్ల మీద ముక్కు, మీసం, గడ్డం బొమ్మ, పైన ‘డబ్బు ముట్టింది’ అనే అర్థం వచ్చే మాటలు ఉండేవి. మనకి నవ్వొస్తుంది గానీ వాళ్లకి గడ్డం దేవుడిచ్చిన రూపం. అక్కడ పనిచేసిన జాన్ పెర్రీ అనే ఇంగ్లీషు ఇంజనీరు, గడ్డం గీయించుకుని వచ్చిన ఒక ముసలి వడ్రంగిని ‘గడ్డం ఏదయ్యా?’ అని వేళాకోళంగా అడిగాడట. ఆయన చొక్కాలోంచి దాన్ని తీసి చూపించి, శవపేటికలో నాతోపాటు పెట్టించుకుంటాను, పైన లెక్క చెప్పుకోవాలి కదా అన్నాడట. ఆ పన్ను 1772 దాకా పోలేదు.

బ్రిటిష్ సైన్యం దీనికి తిరగేసిన కథ. గడ్డం గీయాలి, పైపెదవి మీద మాత్రం కత్తి పెట్టకూడదు, అదీ రూలు. 1916 అక్టోబరులో ఎత్తేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో వచ్చిన విషవాయువు మాస్కుల వల్ల మీసాలు తీసేశారని చాలామంది చెబుతారు గానీ అది నాకు అతకదు, మీసం మాస్కు లోపలే ఉండిపోతుంది, అంచు చర్మానికి అతుక్కోకుండా అడ్డుపడేది గడ్డం. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన జనరల్ మాక్రెడీకి తన మీసమంటేనే చిరాకు.

బ్లేడు కథ చిన్నదే. మంగలికత్తిని రోజూ సాన పట్టుకోవడం అందరి వల్లా కాదు, అందుకని జిల్లెట్ వాడి పారేసే బ్లేడు తెచ్చాడు. 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు, అంతే! మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం లక్షల్లో కొని సైనికులకి పంచింది, వాళ్లు ఆ అలవాటుతోనే ఇంటికొచ్చారు. నున్నటి మొహమే మర్యాద అనే మాట అంత గట్టిపడటంలో ఆ రేజర్ల పాత్ర పెద్దదే, అది మీ నాన్నగారి పెళ్లి ఫోటో దాకా వచ్చింది.

ప్రశ్న: మా వాడికి 15 ఏళ్లు, నూనూగు మీసాలు వస్తున్నాయి. ఇప్పుడే గీస్తే మందంగా వస్తుందా?

జవాబు: రాదండీ. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర శాస్త్రవేత్త 1928లోనే గీయించి, కొలిచి చూశారు, తేడా లేదు. వెంట్రుక మొన సహజంగా సన్నగా ఉంటుంది, బ్లేడు దాన్ని మొద్దుగా కోస్తుంది, అందుకే మర్నాడు చేతికి గరుకుగా తగులుతుంది. ఆ వయసులో ఎలాగూ మందమవుతూనే ఉంటుంది, ఆ పేరు బ్లేడుకి వస్తుంది. గీసుకుంటానంటే గీసుకోనివ్వండి, మీ పాత బ్లేడు మాత్రం ఇవ్వకండి.