రోజుకో మాక్ టెస్టు రాస్తే తప్పులు తగ్గుతాయా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. రోజూ రాసే జేఈఈ మెయిన్ మాక్ టెస్టుల్లో 62 ప్రశ్నలు చేస్తే 24 తప్పుతున్నాయి. పరీక్ష అయిన వెంటనే ఫోన్ చేసి మార్కులు కనుక్కుంటూనే ఉన్నాను. ఏకాగ్రత లేదంటున్నారు. ఆన్‌లైన్లో ఇంకో టెస్ట్ సిరీస్ కొనమంటారా, పాతవే మళ్లీ చేయించమంటారా?

జవాబు: ముందుగా మీరు కంగారు తగ్గించుకోండి. 38 ప్రశ్నలు సరిగా చేసిన పిల్లవాడికి సబ్జెక్టు రాదనుకోనక్కరలేదు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత కనుక వాటికి 152 మార్కులు వచ్చాయి, తప్పులకు 24 పోయాయి, 128 మిగిలాయి. ఆ తప్పుల్లో ఊహించి పెట్టినవి ఒక పన్నెండు ఉన్నాయనుకుంటే, వాటిని వదిలేసినా చాలు, కొత్తగా ఒక్క పాఠం చదవకుండానే 140 వచ్చేవి.

రోజుకో మాక్ టెస్టు అనే పద్ధతి మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. మూడు గంటలు పరీక్ష రాసిన విద్యార్థి దానిని సరిచూసుకోవడానికి కనీసం మరో మూడు గంటలు కూర్చోవాలి. అలా కూర్చోకుండా మర్నాడు పొద్దున్నే ఇంకొకటి రాస్తే నిన్నటి తప్పే ఇవాళ మరింత వేగంగా చేయడం అలవాటవుతుంది. కాబట్టి కొత్త సిరీస్ కొనకండి. వారానికి రెండు పరీక్షలు చాలు.

ఒంగోలులో ఇలాగే ఏకాగ్రత లేదని తీసుకొచ్చిన ఒక అమ్మాయి చిత్తు కాగితాలు తెప్పించి చూశాను. ఒకే మూలలో మూడు లెక్కలు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. రెండో వరుసలో ఉన్న మైనస్ గుర్తు మూడో వరుసకు వచ్చేసరికి లేదు. కాగితాన్ని నాలుగు గడులుగా మడిచి, గడికొక లెక్క చేయమన్నాను. తెర మీది ప్రశ్న కింద గీత గీసుకునే వీలుండదు కనుక, అడిగినది వేగమా త్వరణమా, ఏ ప్రమాణంలో కావాలి అన్నది గడి పైన రాసుకున్న తరువాతే లెక్క మొదలుపెట్టమన్నాను. ఆమె తప్పుల్లో చాలా భాగం అక్కడే ఆగిపోయాయి.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకూ నెగెటివ్ మార్కులు లేవు కనుక ఏదీ వదలకూడదు. ఆ అలవాటే జేఈఈలోకి వస్తే నష్టం. రెండింటి సాధన ఒకే రోజు పెట్టుకోవద్దని చెప్పండి.

ఇక మీ సంగతి. కఠినంగా అంటున్నానని అనుకోవద్దు, ఆ ఫోన్లు మీరు ఆపవలసిందే. బయటికి రాగానే నాన్న అడుగుతాడని తెలిసిన పిల్లవాడు, అన్నీ చేశానని చెప్పుకోవడానికి చివరి పావుగంటలో మిగిలిన ప్రశ్నలన్నిటికీ ఏదో ఒకటి నొక్కేస్తాడు. వచ్చే ఆదివారం హాస్టల్‌కు వెళ్లినప్పుడు మార్కుల ఊసెత్తకుండా, అన్నం తిన్నాక, చిత్తు కాగితాలు చూపించమనండి. లెక్కలు మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఎక్కడ జారిందో తనే వేలుపెట్టి చూపిస్తాడు.