మిల్లులో ఎండ, కాలువ మీద వెలుగు

ప్రశ్న: నేను పెళ్లి వీడియోలు తీస్తుంటాను సార్. 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’, 2017లో వచ్చిన దాని రెండో భాగం ‘బ్లేడ్ రన్నర్ 2049’ వరుసగా రెండు రాత్రులు చూశాను. మొదటిదాంట్లో అంతా చీకటి, పొగ, వాన, మొహాలే సరిగ్గా కనబడవు. రెండోది అద్దంలా ఉంది. మరి మొదటిదాని ఫొటోగ్రఫీని అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: దీనికి జవాబు మీ ఊళ్లోనే ఉంది తమ్ముడూ. పొద్దున పూట ఏదైనా రైస్ మిల్లులో నిలబడి చూడండి. పైరేకుకు చిల్లు ఉంటే అందులోంచి పడే ఎండ తవుడు దుమ్ములో కర్రలాగా నిలబడుతుంది. ఆ దుమ్మే లేకపోతే నేల మీద చిన్న మచ్చ తప్ప ఏమీ కనబడదు. మొదటి సినిమా కెమెరామన్ జోర్డన్ క్రోనెన్‌వెత్ పట్టుకున్నది ఇదే. సెట్ నిండా పొగ పట్టించి మనుషుల వెనక నుంచి లైటు కొట్టాడు. లాస్ ఏంజెలెస్‌లోని పాత భవనం బ్రాడ్‌బరీ బిల్డింగ్‌లో తీసిన సీన్లు మళ్లీ పెట్టుకుని చూడండి, బయటి సర్చ్‌లైటు కిటికీల్లోంచి వచ్చి గదంతా తిరుగుతుంటే మొహం ఒక్క క్షణం వెలిగి మళ్లీ చీకట్లో కలిసిపోతుంది. ఎవరు మనిషో, ఎవరు తయారు చేసిన మనిషో తేలని కథ కదా, ఆ వెలుగు లేకపోతే ఆ అనుమానమే పుట్టదు. పైగా వీధి సీన్లు తీసింది లాస్ ఏంజెలెస్ పక్కనున్న బర్బాంక్‌లో స్టూడియో వాళ్ల పాత వీధి సెట్‌లో, దాని అంచులు కనబడకుండా కాపాడింది కూడా ఆ రాత్రి, ఆ వాన, ఆ పొగే.

రెండోదాన్ని రోజర్ డీకిన్స్ డిజిటల్ కెమెరాతో తీశాడు, ఆయన దారి వేరు. ఫ్రేమ్‌లో చోటంతా ఖాళీగా వదిలేస్తాడు. లాస్ వేగస్ సీన్‌లో నారింజ రంగు దుమ్ములో మనిషి చీమంత కనిపిస్తాడు (2009లో సిడ్నీని కమ్మేసిన దుమ్ము తుఫాను ఫొటోలు చూశాక వచ్చిన రంగు అది). కథలో ఆ తయారు చేసిన మనుషుల కంపెనీ యజమాని వాలెస్ ఆఫీసు గోడల మీద నీటి వెలుగు కదులుతుంటుంది, సాగర్ ఎడమ కాలువ వంతెన కింద ఎండపూట చూస్తాం చూడండి, అచ్చం అట్లా. అంతకుముందు 13 సార్లు నామినేషన్ దాకా వచ్చి ఆగిపోయిన ఆస్కార్ ఆయనకు ఈ సినిమాతోనే దక్కింది, దక్కాల్సిందే.

అయినా నా ఓటు మొదటిదానికే. రెండోదాన్ని చూస్తూ ఎంత అందంగా ఉందో అనుకుంటాను, మొదటిదాంట్లో మాత్రం ఆ వానలో నేనూ తడుస్తాను.

ఈసారి పెళ్లిలో హోమం పొగ లేచినప్పుడు ముందు లైటు కాసేపు ఆర్పి, వెనక నుంచి ఒక్కటే పెట్టి తీయండి. మొహాలు తెలిసే షాట్లు ముందే తీసి పెట్టుకోండి, పెళ్లివారికి అవీ కావాలి.