ప్లేస్కూల్ మారిస్తే బాబు బరువు తగ్గుతాడా?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. బరువు 21 కిలోలు, ఎత్తు 98 సెంటీమీటర్లు. ప్లేస్కూల్లో వేసిన ఏడాదిలోనే ముఖం గుండ్రంగా తయారైంది, పొట్ట వచ్చింది. అక్కడ ఎవరి పుట్టినరోజైనా కేకులు, చిప్స్ పెడతారు. స్కూల్ మారిస్తే తగ్గుతాడా? చేరినప్పటి నుంచి తరచూ జలుబు, దగ్గు. పాత చీటీ చూపించి అదే సిరప్ తెచ్చి తాగిస్తున్నాం.
- ఓ తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, స్కూల్ సంగతి తర్వాత. ముందు ఆ సిరప్ సీసా మీద ఏం రాసి ఉందో చూడండి. బీటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్... వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. పదేపదే వాడితే ఆకలి పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, ఎదుగుదల మందగిస్తుంది.

నన్ను ఆలోచనలో పడేసింది బాబు ఎత్తు. తిండి ఎక్కువై లావైన పిల్లలు సాధారణంగా ఈడు పిల్లల కంటే కాస్త పొడుగ్గానే ఉంటారు. నాలుగేళ్ల మగపిల్లల సగటు ఎత్తు దాదాపు 103 సెంటీమీటర్లు. మీ ఇంట్లో అందరూ పొట్టివాళ్లే కావచ్చు, థైరాయిడ్ సమస్యా ఉండొచ్చు. పరీక్ష చేయకుండా తేల్చి చెప్పలేను.

స్టెరాయిడే అయితే కంగారుపడి మీ అంతట మీరు ఆపేయకండి. వారాల తరబడి వాడాక ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. సీసా, చీటీ పట్టుకుని ఒకటి రెండు రోజుల్లో పిల్లల డాక్టర్‌ని కలవండి. వాంతులు, బాగా నీరసం, మగత కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, ఈ మందు వాడామని చెప్పండి. ఆ చీటీ ఆ రోజు దగ్గుకి రాసింది తల్లీ, ఏడాది పొడవునా వచ్చే ప్రతి దగ్గుకీ కాదు! ప్లేస్కూల్లో చేరిన కొత్తలో జలుబులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. చాలావరకు వైరస్‌వే, వాటంతటవే తగ్గుతాయి.

ఇక స్కూల్. తిండి, ఆటల మీద బడిలో పెట్టే కార్యక్రమాల వల్ల బరువులో వచ్చే తేడా తక్కువే. ఇంట్లోవాళ్లూ కలిసొస్తే కొంత నయం. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకి కనీసం 3 గంటలు కదులుతూ ఉండాలని, అందులో గంటైనా పరుగులు పెట్టాలని, టీవీ, ఫోన్ గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ స్కూల్లో ఆరుబయట ఎంతసేపు ఆడనిస్తారో అడగండి. బాబుని మాత్రం పస్తు పెట్టొద్దు.

అంగన్‌వాడీల్లో పిల్లల ఎత్తు, బరువు నెలనెలా రాస్తారు. మీ స్కూల్లో చేర్చినప్పుడు అలా రాసుకుని ఉంటే ఆ కాగితం కూడా డాక్టర్‌కి చూపించండి. ఏడాదిలో ఎంత ఎత్తు పెరిగాడన్నది చాలా ముఖ్యం.